అమెరికన్ పైలట్లు ఆల్పాలో కలవాలంటే: కార్డు మీద సంతకం నుంచి విలీన ఒప్పందం దాకా

ప్రశ్న సారాంశం ఇది: అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ఏపీఏ (అలైడ్ పైలట్స్ అసోసియేషన్) అనే సొంత యూనియన్ ఉంది. డెల్టా, యునైటెడ్ పైలట్లు మాత్రం అనేక ఎయిర్‌లైన్ల పైలట్లకు ఉమ్మడి యూనియన్ అయిన ఆల్పా (ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్)లో ఉన్నారు. పైనున్న నాయకులు కదలకపోయినా మామూలు లైన్ పైలట్లే పూనుకుని ఈ రెండు యూనియన్లనూ కలపగలరా? కలపగలిగితే ఏం చేయాలి, ఎక్కడ బెడిసికొడుతుంది? ఇండియాలో ఇలాంటిది జరుగుతుందా?

కలపగలరు. చట్టంలో దానికి స్పష్టమైన దారి ఉంది. అయితే సంతకాలు తగినన్ని రాక ఆగిపోయే ప్రయత్నాల కంటే, సంతకాలు వచ్చాక "ఏ షరతుల మీద కలుస్తున్నాం" అన్న ప్రశ్నకు జవాబు లేక ఆగిపోయేవే ఎక్కువ ప్రమాదకరం. అప్పటికే పైలట్లు రెండుగా చీలిపోయి ఉంటారు. ఎదురుగా ఉన్న యాజమాన్యానికి అంతకంటే కావలసింది లేదు. అందుకే షరతుల ముసాయిదా ముందు తయారు కావాలి, కార్డు (ఆల్పా కావాలని పైలట్ సంతకం చేసే పత్రం) తర్వాత చేతికివ్వాలి.

నేపథ్యం క్లుప్తంగా. ఆల్పా 1931లో షికాగోలో పుట్టింది. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో నలభైకి పైగా ఎయిర్‌లైన్లలో 80 వేలకు దగ్గరగా సభ్యులున్నారు. అమెరికన్ పైలట్లు 1963లో దాన్నుంచి బయటికొచ్చి ఏపీఏ పెట్టుకున్నారు. కాక్‌పిట్‌లో మూడో మనిషి ఎవరు ఉండాలన్న వివాదం, తమ కాంట్రాక్టు మీద జాతీయ నాయకత్వం పెత్తనం, ఈ రెండూ కలిసి ఆ చీలిక తెచ్చాయి. ఏపీఏ ప్రధాన కార్యాలయం టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఉంది, సభ్యులు 15 నుంచి 16 వేల మంది. తిరిగి కలవాలన్న మాట మధ్యమధ్యలో లేస్తూనే ఉంది. 2000-01లో కార్డుల ఉద్యమమే నడిచింది. ఈమధ్య ఏళ్లలో మళ్లీ గట్టిగా వినిపిస్తోంది.

బయటికి వెళ్లిన పెద్ద యూనియన్లు తిరిగి రావడం కొత్తేమీ కాదు. ఫెడెక్స్ పైలట్లు 1993లో ఆల్పాను ఎన్నుకున్నారు, 1996లో సొంత యూనియన్ పెట్టుకున్నారు, 2002లో మళ్లీ ఆల్పాలో కలిశారు. కాంటినెంటల్ పైలట్లు 2001లో తిరిగొచ్చారు. ఎయిర్ కెనడా పైలట్లు 1995లో కెనడా ఆల్పా నుంచి విడిపోయి, దాదాపు మూడు దశాబ్దాలు విడిగా ఉండి, 2023లో ఓటు వేసి ఆల్పాలో చేరారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో సమ్మె అంచు దాకా వెళ్లి ఒప్పందం సాధించారు.

చట్టం సంగతికి వద్దాం. అమెరికాలో ఎయిర్‌లైన్ యూనియన్లు 1926 నాటి రైల్వే లేబర్ చట్టం కిందికి వస్తాయి. విమానయానాన్ని 1936లో ఇందులో చేర్చారు. ప్రాతినిధ్యం ఎవరిదో తేల్చేది నేషనల్ మీడియేషన్ బోర్డ్. ఒక ఎయిర్‌లైన్‌లోని పైలట్లంతా కలిపి ఒకే వర్గం. డాలస్ బేస్ (పైలట్లు డ్యూటీ మొదలుపెట్టే కేంద్రం) ఒక యూనియన్‌లో, మయామీ బేస్ ఇంకో యూనియన్‌లో ఉండే వీలు లేదు. గెలిస్తే అందరూ వస్తారు, ఓడితే అందరూ ఉన్నచోటే ఉంటారు.

దారులు రెండు. మొదటిది కార్డుల దారి: పైలట్లలో కనీసం 50 శాతం మంది "నాకు ఆల్పా ప్రాతినిధ్యం కావాలి" అని సంతకం చేసిన కార్డులతో ఆల్పా ఈ మీడియేషన్ బోర్డుకు దరఖాస్తు చేస్తుంది, బోర్డు ఎన్నిక పెడుతుంది. ఈ 50 శాతం నిబంధన 2012 చట్టంతో అన్ని సందర్భాలకూ వర్తించింది. ఎన్నికలో పోలైన ఓట్లలో మెజారిటీ వస్తే చాలు. రెండోది విలీన దారి: రెండు యూనియన్లూ కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి, సభ్యులు ఓటుతో ఆమోదిస్తారు, ఆపైన పాత యూనియన్ పేరిట ఉన్న సర్టిఫికేషన్‌ను (ప్రాతినిధ్యానికి బోర్డు ఇచ్చే గుర్తింపును) కొత్తదాని పేరిట మార్చమని బోర్డును కోరతారు. ఇందులో బోర్డు ఎన్నిక అవసరం పడదు. ఎయిర్ కెనడా పైలట్లు కలిసింది కూడా ఒప్పందం రాసుకుని సభ్యుల ఓటు తీసుకునే పద్ధతిలోనే, అక్కడి చట్టం వేరైనా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కార్డుల దారిలో గెలిచి ఏపీఏను ఓడించడం లక్ష్యం కాకూడదు. ఎన్నికలో ఓడిపోయిన యూనియన్‌కు తన డబ్బు, భవనం, ఫైళ్లు, సిబ్బంది గెలిచినవాళ్లకు సర్ది అప్పగించాల్సిన తొందరేమీ ఉండదు. ఆ లోటు మొదటి రోజు నుంచే గ్రీవెన్సులు, ఆర్బిట్రేషన్ కేసులు నడిపేవాళ్ల మీద పడుతుంది. కార్డులు ఏపీఏ బోర్డును చర్చలకు కూర్చోబెట్టే ఒత్తిడిగా పనిచేయాలి. సగానికి పైగా సంతకాలు చేతిలో ఉన్నాయని తెలిస్తే ఏ బేస్ ప్రతినిధీ ముఖం తిప్పుకోలేడు.

ఇక కార్డు పని. చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. సంతకం, తేదీ రెండూ పైలట్ స్వదస్తూరీతో ఉండాలి. తేదీ ఖాళీగా వదిలితే తర్వాత వాలంటీర్ నింపుదామనుకోవడం పెద్ద తప్పు. ఒక్క కార్డు మీద వేరే చేతిరాత దొరికినా మిగతా వాటి మీదికి అనుమానం పాకుతుంది. దరఖాస్తు వేసిన రోజుకు ఏడాది దాటిన తేదీ ఉన్న కార్డు చెల్లదు. కార్డులు బోర్డుకు మాత్రమే వెళ్తాయి, ఎవరు సంతకం చేశారో యాజమాన్యానికి చూపించరు. మొదటి ఏడాది ప్రొబేషన్ భయంలో ఉన్న కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు ముందు చెప్పాల్సిన మాట ఇదే.

ఏడాది గడువు లెక్కను తక్కువ అంచనా వేస్తారు. లిస్టులో 15,000 మంది ఉన్నారనుకోండి. కావలసింది 7,500 కార్డులు. పన్నెండు నెలల్లో 800 మంది 65 ఏళ్లు నిండి రిటైరై, 1,500 మంది కొత్తగా చేరితే లిస్టు 15,700 అవుతుంది, కావలసిన కార్డులు 7,850. రిటైరైన 800 మందిలో సగం సంతకం చేసి ఉంటే ఆ 400 కార్డులు పోయినట్టే. దీనికి తోడు మొదటి నెలలో ఉత్సాహంతో వచ్చిన కార్డులే ముందు గడువు దాటతాయి. మెల్లగా ఏడాదిన్నర సాగే ఉద్యమం ఎప్పటికీ 45 శాతం దగ్గరే తిరుగుతుంటుంది. వెనక కార్డులు రాలిపోతుంటే ముందు కొత్తవి చేరుతుంటాయి. కాబట్టి నాలుగు నుంచి ఆరు నెలల్లో ముగించేలా ప్రణాళిక వేసుకోవాలి, 60 శాతం దాటాకే దరఖాస్తు వేయాలి. దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఏడాది పాటు మళ్లీ వేయలేరు. సర్టిఫికేషన్ జరిగిపోతే రెండేళ్లు ఎవరూ కదపలేరు.

మనుషుల లెక్క కూడా వేసుకోవాలి. యాభై మందికి ఒక వాలంటీర్ చొప్పున 15,000 మందికి 300 మంది కావాలి. సీనియారిటీ లిస్టు ప్రతి పైలట్ దగ్గరా ఉంటుంది. దాన్ని ముందు బేస్ వారీగా, తర్వాత విమానం వారీగా, తర్వాత సీటు వారీగా విడగొట్టాలి. ఫిలడెల్ఫియా ఎయిర్‌బస్ కెప్టెన్లకు ఒకరు, డాలస్ 737 ఫస్ట్ ఆఫీసర్లకు ఒకరు, ఇలా. షార్లట్, ఫీనిక్స్, ఫిలడెల్ఫియాల్లో పాత యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు ఎక్కువ. వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఆల్పా సభ్యులే, ఆ అనుభవం చేదుగా మిగిలినవాళ్లూ ఉన్నారు. డాలస్ నుంచి వచ్చిన వాలంటీర్ అక్కడ నిలబడి ఆల్పా గొప్పలు చెబితే పని జరగదు. అక్కడి మనిషే మాట్లాడాలి.

ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ కూడదు అన్నదీ ముఖ్యమే. క్రూ రూమ్‌లో డ్యూటీకి ముందూ తర్వాతా, లేఓవర్ హోటల్లో, వేరే ఊళ్ల నుంచి డ్యూటీకి వచ్చే పైలట్లు అద్దెకు పంచుకునే గదుల్లో (క్రాష్‌ప్యాడ్) మాట్లాడవచ్చు. పది వేల అడుగుల కింద కాక్‌పిట్‌లో విమానం నడపడానికి సంబంధం లేని మాట నిబంధనల ప్రకారమే నిషిద్ధం. పైన క్రూయిజ్‌లో కూడా కెప్టెన్ తన ఫస్ట్ ఆఫీసర్‌ను సంతకం అడగడం మంచిది కాదు. ఆ మూడు నాలుగు రోజుల ట్రిప్‌లో అవతలి మనిషి కాదనలేని స్థితిలో ఉంటాడు. కంపెనీ ఈమెయిల్, కంపెనీ మెసేజింగ్ అసలు వాడకూడదు. యూనియన్ సభ్యుల డేటాబేస్ నుంచి ఫోన్ నంబర్లు తీసుకోవడం అంతకంటే ప్రమాదం. సొంత కాంటాక్ట్ లిస్టు ఒక్కొక్క పేరుగా కూడగట్టుకోవాల్సిందే. ఇక ఆల్పా పక్షాన మాట్లాడితే ఏపీఏ శిక్షిస్తుందేమోనన్న భయం కొందరికి ఉంటుంది. 1959 నాటి కార్మిక సంఘాల చట్టం సభ్యుడి వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడుతుంది గానీ ఆ రక్షణకు హద్దులున్నాయి, ఏపీఏ నియమావళి ముందే చదువుకోవాలి.

కార్డుల పని నడుస్తుండగానే బేస్ మీటింగుల్లో తీర్మానాలు పెట్టాలి. ఏపీఏ బోర్డులో ప్రతి బేస్ నుంచి ఒక ఛైర్మన్, ఒక వైస్ ఛైర్మన్ ఉంటారు. "ఆల్పాలో కలవాలి" అని తీర్మానం పెడితే సగంమంది బెదురుతారు. "విలీన షరతులు ఎలా ఉంటాయో అధికారికంగా తెలుసుకుని సభ్యుల ముందు పెట్టాలి" అని పెడితే వ్యతిరేకించడానికి కారణం దొరకదు. అధికారిక చర్చలు అక్కడే మొదలవుతాయి.

ఇప్పుడు అసలైన భాగం, ఆ షరతులు. ముందు చందా. ఆల్పా చందా జీతంలో 1.85 శాతం. ఏడాదికి 3 లక్షల డాలర్లు తీసుకునే పైలట్ 5,550 డాలర్లు కడతాడు. ఆ జీతం మీద ప్రతి 0.1 శాతం తేడా 300 డాలర్లు. ఈ మాటను దాచిపెట్టి ప్రచారం చేయకూడదు, మొదటి కరపత్రం మీదే ఉండాలి. ఆ డబ్బుతో ఏమొస్తుందో పక్కనే రాయాలి: భద్రతా నిపుణులు, ఏరోమెడికల్ డాక్టర్లు, వాషింగ్టన్‌లో లాబీయింగ్, సమ్మె పరిస్థితికి ఆల్పా ఉంచుకునే నిధి. రెండు యూనియన్లూ ఏటా కార్మిక శాఖకు ఎల్ఎం-2 ఫారం సమర్పిస్తాయి, అవి ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. అందులో జీతాలకు ఎంత, ప్రాతినిధ్యానికి ఎంత, రాజకీయాలకు ఎంత అని వేరువేరుగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ తయారు చేసి పంచండి. పైలట్లు అంకెలు చదివే మనుషులు, నినాదాల కంటే ఆ పేజీనే ఎక్కువ నమ్ముతారు. విడిగా ఉన్న యూనియన్ ఒక్క కోర్టు తీర్పుకు ఎంత నష్టపోగలదో కూడా అందులోనే చెప్పండి. 1999 ఫిబ్రవరిలో రీనో ఎయిర్ కొనుగోలుపై జరిగిన సిక్-ఔట్‌కు (నిరసనగా మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టడానికి) ఏపీఏ మీద పడిన జరిమానా 4.55 కోట్ల డాలర్లు.

తర్వాత అధికారం. ఆల్పాలో ప్రతి ఎయిర్‌లైన్‌కు సొంత మాస్టర్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఉంటుంది. బేరసారాలు నడిపేది, కాంట్రాక్టు అమలు చేయించేది, ప్రతినిధుల్ని ఎన్నుకునేది ఆ ఎయిర్‌లైన్ పైలట్లే. కానీ కాంట్రాక్టు మీద ఆల్పా జాతీయ అధ్యక్షుడి సంతకం కావాలి. 1963 నాటి గొడవకు మూలం ఇలాంటి పెత్తనమే కాబట్టి పాతతరం దీన్ని మరిచిపోలేదు. విలీన ఒప్పందంలో ఈ సంతకం ఏ సందర్భంలో ఆగవచ్చో, ఎన్ని రోజుల్లో నిర్ణయం చెప్పాలో రాతపూర్వకంగా అడగాలి. ఓటు బలం విషయంలో మాత్రం భయపడక్కర్లేదు. దాదాపు 16 వేల మంది చేరితే మొత్తం సభ్యత్వంలో ఆరో వంతు అమెరికన్ పైలట్లదే అవుతుంది.

మూడోది స్కోప్, అంటే చిన్న జెట్‌లు ఎవరు నడపాలి, ఎన్ని నడపాలి అన్న హద్దు. అమెరికన్‌లో నిజమైన అభ్యంతరం ఇదే, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎన్వాయ్, పీఎస్ఏ, పీడ్‌మాంట్ మూడూ చిన్న జెట్‌లు నడిపే అమెరికన్ సొంత రీజినల్ కంపెనీలు, మూడింటి పైలట్లూ ఆల్పా సభ్యులే. మెయిన్‌లైన్ (అంటే అమెరికన్‌లోనే పనిచేసే) పైలట్లు స్కోప్ బిగిస్తే రీజినల్ పైలట్ల పని తగ్గుతుంది, వదులు చేస్తే తమ ఉద్యోగాలకే ముప్పు. రెండు పక్షాలకూ ఒకే జాతీయ యూనియన్ ఉంటే ఎవరి పక్షం వహిస్తుంది? ఈ చిక్కు ఊహ కాదు. 2001లో డెల్టా రీజినల్ కంపెనీ కామ్‌ఎయిర్ పైలట్లు ఇదే విషయమై ఆల్పా మీద దావా వేశారు. ఎయిర్ కెనడా పైలట్లు 1995లో విడిపోవడానికి కూడా రీజినల్ పైలట్ల సీనియారిటీ మీద వచ్చిన ఆర్బిట్రేషన్ తీర్పే కారణం. మరోవైపు డెల్టా, దాని సొంత రీజినల్ ఎండెవర్ రెండూ ఆల్పాలోనే ఉన్నాయి, డెల్టా స్కోప్ కూలిపోలేదు. స్కోప్ మీద నిర్ణయం పూర్తిగా అమెరికన్ కౌన్సిల్‌దేనని ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. అది లేకుండా ఓటుకు వెళ్లడం నాకు సరైన పనిగా తోచదు.

నాలుగోది సీనియారిటీ. పుకార్లు ఎక్కువ పుట్టేది దీని చుట్టూనే. యూనియన్ మారినంత మాత్రాన సీనియారిటీ నంబర్ ఒక్కటి కూడా కదలదు. ఎయిర్‌లైన్లు కలిసినప్పుడే లిస్టులు కలుస్తాయి. అయితే ఒక తేడా నిజంగా ఉంది, దాన్ని చెప్పి తీరాలి. 2007 నాటి మెక్‌కాస్కిల్-బాండ్ చట్టం ప్రకారం ఎయిర్‌లైన్లు కలిస్తే లిస్టుల కలయిక న్యాయంగా జరగాలి, చర్చలు తెగకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలి. కానీ రెండు ఎయిర్‌లైన్ల పైలట్లకూ ఒకే యూనియన్ ఉంటే ఆ యూనియన్ అంతర్గత విధానం వర్తిస్తుంది. అంటే రేపు అమెరికన్ ఏదైనా ఆల్పా ఎయిర్‌లైన్‌ను కొంటే ఆల్పా మెర్జర్ పాలసీ కింద లిస్టు తయారవుతుంది. అది మేలా కాదా అన్నది ఆ పాలసీ చదివి ఎవరికి వారు తేల్చుకోవాలి. చదవకుండా సంతకం చేయించకండి.

మిగిలినవి వేగంగా: ఏపీఏ ఆస్తులు అమెరికన్ కౌన్సిల్ ఖాతాలోనే ఉంటాయా, పెండింగ్ దావాల ఖర్చు ఎవరిది, లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ (ఆరోగ్యం దెబ్బతిని ఎగరలేకపోతే ఆదుకునేది) ఒక్కరోజు కూడా తెగకుండా ఎలా మారుతుంది, సిబ్బంది ఉద్యోగాలకు ఎంతకాలం హామీ, నచ్చకపోతే బయటికొచ్చే నిబంధన ఏమిటి. చివరిదాన్ని రెండు యూనియన్లూ రాయడానికి ఇష్టపడవు. పట్టుబట్టండి.

రెండు పాఠాలు మాత్రం పూర్తిగా తెలిసి ఉండాలి. 2001లో అమెరికన్ టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్‌ను కొన్నప్పుడు ఆ పైలట్ల యూనియన్ ఆల్పా. అదే సమయంలో అమెరికన్ పైలట్లను తిరిగి తెచ్చుకోవాలని ఆల్పా ఆశపడుతోంది. టీడబ్ల్యూఏ పైలట్లలో ఎక్కువమంది అమెరికన్ లిస్టు అట్టడుగున పడ్డారు. కొత్త సభ్యుల మీద ఆశతో, అప్పటికే ఉన్న తమను ఆల్పా వదిలేసిందని వాళ్లు దావా వేశారు. 2011లో జ్యూరీ ఆల్పాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 2014లో 5.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అందుకే ఇప్పుడు ఆల్పా కార్డుల ఉద్యమంలో చాలా ఆచితూచి అడుగు వేస్తుంది. దాన్ని నిరాసక్తత అనుకోవద్దు.

రెండోది యూఎస్ ఎయిర్‌వేస్. అమెరికా వెస్ట్‌తో కలిసిన తర్వాత 2007 మేలో ఆర్బిట్రేటర్ జార్జ్ నికొలావ్ ఇచ్చిన ఉమ్మడి సీనియారిటీ లిస్టు తూర్పు వైపు (పాత యూఎస్ ఎయిర్‌వేస్) పైలట్లకు నచ్చలేదు. సంఖ్యలో వాళ్లే ఎక్కువ. "ఆ లిస్టు మారుస్తాం" అన్న ఒక్క హామీ మీద కొత్త యూనియన్ యూఎస్ఏపీఏ పెట్టి 2008లో ఆల్పాను ఓడించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టులే. ఇరుపక్షాల పైలట్లు వేర్వేరు కాంట్రాక్టుల కింద ఎగిరారు, ఉమ్మడి కాంట్రాక్టు రాలేదు. 2014లో ఏపీఏ ప్రతినిధి అయ్యే దాకా అంతే. ఒక్క కోపం మీద ప్రాతినిధ్యం మార్చుకుంటే, ఆ కోపం తీర్చే అధికారం కొత్త యూనియన్‌కు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

సమయం గురించి ఒక మాట. అమెరికన్ పైలట్ల ప్రస్తుత కాంట్రాక్టు 2023 ఆగస్టులో ఆమోదం పొందింది, నాలుగేళ్లది. రైల్వే లేబర్ చట్టం కింద కాంట్రాక్టు గడువు తీరి పోదు, సవరణకు వస్తుంది. అది 2027లో. బేరసారాల బల్ల ముందు కూర్చున్నప్పుడు సగంమంది ప్రతినిధులు విలీనం గురించి కొట్టుకుంటూ ఉంటే యాజమాన్యం ఆలస్యం చేస్తూ లాభపడుతుంది. విలీనం బేరసారాలకు బాగా ముందే తేలాలి, లేదంటే కొత్త కాంట్రాక్టు చేతికొచ్చాక మొదలుపెట్టాలి. మధ్యలో వద్దు.

ఇండియా సంగతి. మన దగ్గర 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి గానీ పైలట్ల సంఘాలు కలవలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు ఐసీపీఏ (ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్), ఎయిర్ ఇండియా వైపు ఇండియన్ పైలట్స్ గిల్డ్ అలాగే ఉండిపోయాయి. 2011లో జీతాల సమానత్వం కోసం ఐసీపీఏ ఒంటరిగా సమ్మె చేసింది, గుర్తింపు పోయింది. 2012లో బోయింగ్ 787 శిక్షణ అవతలి వాళ్లకు ఇస్తున్నారని గిల్డ్ ఒంటరిగా 58 రోజులు సమ్మె చేసింది, దాని గుర్తింపూ పోయింది. టాటాలు తీసుకున్నాక రెండు సంఘాలూ దగ్గరయ్యాయి. 2023 ఏప్రిల్‌లో కొత్త జీతాల విధానాన్ని వ్యతిరేకిస్తూ 1,500 మందికి పైగా పైలట్లు ఉమ్మడిగా రతన్ టాటాకు వినతిపత్రం పంపారు. కింది నుంచి ఒత్తిడి అంటే ఇదే. ఇప్పుడు చట్టం కూడా మారింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సంస్థలో ఒకటికి మించి సంఘాలు ఉంటే, సంస్థ కార్మికుల్లో 51 శాతం మంది సభ్యులుగా ఉన్న సంఘానికే ఏకైక బేరసారాల హక్కు. ఎవరికీ అంత లేకపోతే ఉమ్మడి మండలి ఏర్పడుతుంది, అందులో ప్రతి 20 శాతం సభ్యత్వానికి ఒక ప్రతినిధి. విస్తారా పైలట్లు కూడా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలోకి వచ్చారు కాబట్టి పాత లెక్కలు పనికిరావు. ఐసీపీఏ, గిల్డ్ నాయకులు ముందుగా చేయాల్సింది రెండు సభ్యత్వ రిజిస్టర్లనూ సరిచూసుకుని, ఇద్దరూ కలిస్తే 51 శాతం దాటతారా, విస్తారా నుంచి వచ్చినవాళ్లలో ఎంతమందిని చేర్చుకోవాలి అన్న లెక్క తేల్చడం.